కళ్ళ కింద నలుపు: దాచే ముందు కారణం వెతకండి

సాయంత్రం ఆరున్నర గంటలకు రాయదుర్గం మెట్రో స్టేషన్ మెట్ల మీద రెండు గుంపులు ఎదురుపడతాయి. పని ముగించుకొని ఇళ్ళకు వెళ్ళేవారు ఒక గుంపు, అప్పుడే పనిలోకి దిగేవారు మరో గుంపు. వేసవిలో ఆ వేళకు న్యూయార్కులో ఉదయం తొమ్మిది గంటలవుతుంది. చలికాలంలో అమెరికావారు గడియారాలను గంట వెనక్కి తిప్పుకుంటారు గనుక ఇక్కడి ఉద్యోగి పని గంట ఆలస్యంగా మొదలవుతుంది. ఇషా అజాన్ వేళకు కంప్యూటరు ముందు కూర్చొని, ఫజ్ర్ వేళకు కుర్చీలోంచి లేచే యువతీయువకులు ఈ ప్రాంతంలో వేలల్లో ఉన్నారు.

ఇది అనంతపురం జిల్లాలోని రాయదుర్గం కాదు, హైదరాబాదు పక్కన శేరిలింగంపల్లి మండలంలోనిది. రెవెన్యూ కాగితాల్లోని రాయదుర్గ్ పైగా, రాయదుర్గ్ పాన్‌మక్తా వంటి పేర్లు నిజాం కాలపు జాగీర్లను గుర్తుచేస్తాయి. హుసేన్ సాగర్ నిర్మాణంతో పేరు ముడిపడిన హజ్రత్ హుసేన్ షా వలీ దర్గా కూడా ఈ దాపులోనే ఉంది. 1998లో పక్కనే మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తర్వాత ఈ రాళ్ళగుట్టల మధ్య అద్దాల మేడలు లేచాయి. 2019 నవంబరులో మెట్రో రైలు రాయదుర్గం దాకా వచ్చింది. నల్గొండ, ఖమ్మం, గుంటూరు, కర్నూలు, కడప జిల్లాల నుంచి వచ్చిన మన పిల్లలు ఎందరో చుట్టుపక్కల హాస్టళ్ళలో ఉంటూ ఇక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్నారు.

ఆ పిల్లలు పండుగకు ఇల్లు చేరితే తల్లి కన్ను మొదట పడేది వాళ్ళ కళ్ళ కిందనే.

"ఏం బేటా, ఆ నలుపేమిటి? రాత్రిళ్ళు నిద్రపోవడం లేదా?"

"డ్యూటీ అమ్మీ, ఏం చేయను!"

"పడుకోబోయే ముందు సుర్మా పెట్టుకో. కళ్ళకు చలవ."

అబ్బాయికి సుర్మా సీసా చేతికొస్తుంది. అదే అమ్మాయి అయితే, అందునా సంబంధాలు చూస్తున్న అమ్మాయి అయితే, మందుల షాపు నుంచి ఒక ట్యూబు ఇంట్లోకి వస్తుంది. ప్రేమతో చేసే ఈ రెండు పనులూ మేలు చేయకపోగా కీడు చేసే సందర్భాలు ఎన్నో ఉన్నాయి. నలుపు ఎందుకు వచ్చిందో తెలుసుకోకుండా దాని మీద ఏదో ఒకటి పూయడంతోనే చిక్కు మొదలవుతుంది.

అన్ని నలుపులూ ఒకటి కావు

మన శరీరంలో అన్నిటికంటే పలుచని చర్మం కనురెప్పలది. దాని మందం సుమారు అర మిల్లీమీటరు. కింద కొవ్వు కూడా తక్కువ. అందుకే లోపలి రక్తనాళాలు నీలంగా బయటికి కనిపిస్తాయి. వయసు పెరిగేకొద్దీ రెప్ప కింద, ముక్కు పక్కన చిన్న గాడి పడుతుంది. పైనుంచి వెలుతురు పడినప్పుడు ఆ గాడిలో నీడ నిలుస్తుంది. ఆ నీడనే మనం నలుపు అనుకుంటాం. ఇవి రెండూ కాక, చర్మంలోనే మెలనిన్ అనే రంగు పదార్థం ఎక్కువగా చేరడం మూడో రకం. మనవంటి చామనఛాయ ఉన్న ప్రజల్లో ఇది చాలా సాధారణం. ఎక్కువ మందిలో ఈ మూడూ కొంత కొంత కలిసే ఉంటాయి.

ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. పగటి వెలుతురులో కిటికీ దగ్గర అద్దం పట్టుకొని, కంటి కింది చర్మాన్ని వేలితో మెల్లగా పక్కకు లాగి చూడండి. నలుపు మాయమైతే అది నీడ. గోధుమ రంగులో అలాగే ఉండిపోతే అది చర్మపు రంగు. నీలం, ఊదా రంగు మరింత స్పష్టమైతే అవి రక్తనాళాలు. ఇది వైద్య పరీక్షకు బదులు కాదు. అయితే ఏ క్రీముకు ఎంత డబ్బు పోయవచ్చో తేల్చుకోవడానికి మాత్రం పనికొస్తుంది. నీడను ఏ క్రీమూ చెరపలేదు గదా!

వంశం సంగతి మొదటే చెప్పుకోవాలి. నానీకి ఉండి, తల్లికి ఉండి, కూతురికి పదేళ్ళ వయసు నుంచే కనిపిస్తున్న నలుపు జబ్బు కాదు. నిద్ర చాలక వచ్చిందీ కాదు. అది ఆ ఇంటి ముఖకవళికల్లో ఒకటి. దివ్యఖురాన్‌లోని రూమ్ సూరాలో 22వ ఆయతు మనుషుల భాషల్లో, రంగుల్లో ఉన్న తేడాలను అల్లాహ్ సూచనల్లో ఒకటిగా పేర్కొంటున్నది. పెళ్ళిచూపులకు వచ్చి అమ్మాయి కళ్ళ కింది ఛాయను గురించి గుసగుసలాడే పెద్దమ్మలు ఆ ఆయతును ఒకసారి తీసి చదువుకుంటే బాగుంటుంది.

వంశం తర్వాత చెప్పుకోవలసింది కళ్ళు నులుముకోవడం. దుమ్ము, పుప్పొడి, ఏసీ గాలి వల్ల కంటికి దురద పుడుతుంది. కంప్యూటరు తెర వైపు చూస్తున్నప్పుడు మనిషి రెప్పలార్పడం బాగా తగ్గిపోతుంది. దానితో కన్ను ఎండిపోయి మండుతుంది. నులిమేకొద్దీ చర్మం నల్లబడుతుంది. చాలామంది అనుకున్నట్టు తెర వెలుగు సూటిగా నలుపు తేదు. కన్ను ఎండితే నులుముకోవడం వల్లా, పొద్దుపోయేదాకా మెలకువ ఉండడం వల్లా వస్తుంది. తరచూ తుమ్ములు, ముక్కు దిబ్బడ, కళ్ళ దురద ఉన్న పిల్లలకు కళ్ళ కింద నీలి నలుపు ఉంటే అది ఎలర్జీ గుర్తు. వారికి కావలసింది ఎలర్జీ మందు.

మనం రోజుకు ఐదుసార్లు వుజూ చేస్తాం. ముఖం మీద చల్లని నీళ్ళు పడటం కంటికి మంచిదే. కానీ నీళ్ళతోపాటు పిడికిలితో కళ్ళు నులమడం, ఆ పైన ముతక తువ్వాలుతో గట్టిగా రుద్దడం కొందరికి అలవాటు. రోజుకు ఐదుసార్లంటే ఏడాదికి పద్దెనిమిది వందల సార్లు! నీళ్ళను అరచేతితో మెల్లగా పారించి, తువ్వాలు అద్దుకుంటే చాలు.

రక్తం తక్కువైన ముఖం

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. అంటే ప్రతి ఇద్దరిలో ఒకరికి పైనే. రక్తహీనత వల్ల ముఖం పాలిపోతుంది. చుట్టూ చర్మం పాలిపోయినప్పుడు కళ్ళ కింద ఛాయ రెట్టింపై కనిపిస్తుంది. దానికి తోడు మెట్లెక్కితే ఆయాసం, జుట్టు రాలడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం ఉంటే అద్దం పక్కన పెట్టి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి. గర్భిణి కాని స్త్రీకి 12 గ్రాములు, గర్భిణికి 11 గ్రాములు ఉండాలి. ఇది ఖరీదైన పరీక్ష కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, హైదరాబాదులోనైతే బస్తీ దవాఖానాల్లో అడగవచ్చు.

ముస్లింల ఇళ్ళల్లో మాంసం ఉంటుంది గనుక రక్తానికి లోటుండదనే అపోహ ఒకటుంది. వండిన గోష్త్‌లో మంచి ముక్కలు ఎవరి పళ్ళెంలోకి వెళ్తున్నాయో, అందరూ తిన్నాక మిగిలిన షోర్వాతో అన్నం తినేది ఎవరో ఇంటి యజమానులు ఒక్క రోజు గమనించాలి. మరో సంగతి చాయ్. భోజనం చేసిన వెంటనే తాగే టీ, తిన్న ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. చాయ్ మానమని హైదరాబాదీకి చెప్పే ధైర్యం ఎవరికుంది! భోజనానికీ చాయ్‌కీ మధ్య గంట, గంటన్నర ఎడం ఉంచితే చాలు. కలేజీ, మాంసం, తోటకూర, సజ్జ రొట్టె, శనగలు ఇనుమునిచ్చేవి. ఆకుకూర మీద, పప్పు మీద నిమ్మకాయ పిండుకుంటే ఆ ఇనుము మరింత పడుతుంది. గర్భిణులు మాత్రం కలేజీని తరచూ తినకూడదు. అందులో విటమిన్ ఏ మోతాదుకు మించి ఉంటుంది. ఖర్జూరం శ్రేష్ఠమైన ఆహారమే, కానీ రక్తహీనతను అదొక్కటే తీరుస్తుందనుకోవడం సరికాదు. హిమోగ్లోబిన్ బాగా తక్కువగా ఉన్నప్పుడు ఆహారంతోనే లాక్కురావడం కష్టం. వైద్యులు రాసిన ఐరన్ మాత్రలు నెలల తరబడి వాడాలి. మలం నల్లగా వస్తోందని భయపడి మధ్యలో మానేసేవారు ఎందరో ఉన్నారు. అది మాత్ర రంగే తప్ప ప్రమాదం కాదు.

సుర్మా సీసాలో ఉన్నదేమిటి?

ఈ విషయాన్ని కాస్త జాగ్రత్తగా చెప్పుకోవాలి. ఎందుకంటే సుర్మాను మనం సింగారంగా మాత్రమే కాక సున్నత్‌గా కూడా భావిస్తాం. ఇస్మిద్ అనే సుర్మా చూపుకు మేలు చేస్తుందనీ, వెంట్రుకలు పెంచుతుందనీ దైవప్రవక్త (స) చెప్పినట్టు తిర్మిజీ, అబూ దావూద్ హదీసు గ్రంథాల్లో ఉంది. రాత్రి పడుకునే ముందు పెట్టుకోవడం ఆయన అలవాటు. దీన్ని ఎవరూ కాదనడం లేదు. ఇక్కడ ప్రశ్న ఒక్కటే. చార్మినార్ చుట్టుపక్కల దుకాణాల్లో, ఉరుసు అంగళ్ళలో, హజ్ నుంచి వచ్చినవారి సంచుల్లో దొరికే పొడి ఆ ఇస్మిదేనా?

ఇస్మిద్ అంటే యాంటిమొనీ అనే లోహపు ఖనిజమని చాలామంది అర్థం చెబుతారు. కానీ పలు దేశాల్లో బజారులో అమ్మే సుర్మాలను రసాయన పరీక్షలకు పంపినప్పుడు అనేక నమూనాల్లో ప్రధానంగా తేలింది గెలీనా. అది సీసపు ఖనిజం. అదీ నల్లగా, తళతళా మెరుస్తుంది. స్వచ్ఛమైన గెలీనా 100 గ్రాములుంటే అందులో 86 గ్రాములకు పైగా సీసమే. సుర్మా రాయి నూరి అమ్మేవాడికి ఈ రెండింటికీ తేడా తెలియకపోవచ్చు. సీసా మీద 'అసలు ఇస్మిద్' అని ముద్రించినంత మాత్రాన లోపలి పొడి మారదు. అలాగని యాంటిమొనీ అయితే భయం లేదనుకోవడానికీ వీల్లేదు.

సీసం పెద్దవారికంటే పిల్లలకు ఎన్నో రెట్లు ప్రమాదకరం. పిల్లవాడు కళ్ళు నులుముకొని అదే వేలు నోట్లో పెట్టుకుంటాడు. సుర్మా కన్నీటితో కలిసి ముక్కు ద్వారా గొంతులోకీ దిగుతుంది. పిల్లల రక్తంలో ఇంత సీసం ఉన్నా ఫరవాలేదని చెప్పదగ్గ మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటున్నది. సీసం వల్ల మెదడు ఎదుగుదల, చదువు, నడవడిక దెబ్బతింటాయి. సీసం రక్తం తయారీని కూడా అడ్డుకుంటుంది. కళ్ళకు చలవ అని పెట్టిన సుర్మా రక్తహీనత తెచ్చి, ముఖాన్ని పాలిపోయేలా చేసి, ఆ నలుపునే మరింత పైకి తేల్చవచ్చు!

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సీసం కలిసిన సుర్మాలను తమ దేశంలోకి రానివ్వడం లేదు. మన దేశంలోనూ సౌందర్య సాధనాల్లో రంగు కోసం సీసం, ఆర్సెనిక్ సమ్మేళనాలు వాడకూడదని నిబంధన ఉంది. ఎటు తిరిగీ చిల్లరగా అమ్మే పొడి ఎవరి పరీక్షకూ నిలబడదు. కాబట్టి తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, అందులో ఏమేం కలిపారో రాసిలేని సుర్మాను ఇంట్లో ఉంచకపోవడమే మేలు. పసిపిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఏ సుర్మా అయినా వద్దు. ఆముదం దీపపు మసితో ఇంట్లో చేసిన కాటుకలో సీసం ఉండదు. అయినా పసికందు కంట్లో వేలు పెట్టి దిద్దడం వల్ల కంటికి సూక్ష్మజీవులు సోకుతాయని కంటి వైద్యులు దాన్నీ వద్దంటారు. దిష్టి తగలకుండా పెడుతున్నామనే తల్లులకు ఒక మాట. దిష్టి నుంచి రక్షణకు ప్రవక్త (స) నేర్పింది దుఆలు, ఫలఖ్, నాస్ సూరాలు.

మందుల షాపు ట్యూబు

నిఖా తేదీ దగ్గర పడేకొద్దీ ఈ ట్యూబుల వాడకం పెరుగుతుంది. పక్కింటి ఆపా వాడి తెల్లబడిందట, పది రోజుల్లో తేడా కనిపించిందట. నిజమే, కనిపిస్తుంది. ఎందుకంటే వాటిలో చాలావాటిలో ఉండేది స్టిరాయిడ్. బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటసాల్ అనే మాటలు ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఉంటాయి. కొన్నిటిలో రంగు తగ్గించే హైడ్రోక్వినోన్ కూడా కలిపి ఉంటుంది. ఇవి ఫలానా చర్మవ్యాధికి, ఫలానా రోజులు, వైద్యుడి కనుసన్నల్లో వాడవలసిన మందులు. మొదట నలుపు తగ్గినట్టే ఉంటుంది. కొన్ని వారాలకు అసలే పలుచనైన చర్మం మరీ పలుచబడి, ఎర్రని నాళాలు తేలి, మొటిమలు, సన్నని వెంట్రుకలు పుట్టుకొస్తాయి. ఆపితే మంట, ఎర్రదనం, మునుపటికంటే ఎక్కువ నలుపు. భయపడి మళ్ళీ పూస్తారు. ఇలా ఏళ్ళ తరబడి విడిపించుకోలేనివారు చర్మవైద్యుల దగ్గర కనిపిస్తూనే ఉంటారు.

ముఖం సంగతి అటుంచండి. రెప్పల మీద, కళ్ళ చుట్టూ నెలల కొద్దీ స్టిరాయిడ్ పూస్తే అది కంట్లోకి చేరి కంటి ఒత్తిడిని పెంచవచ్చు. అదే నీటికాసుల జబ్బు. శుక్లాలూ రావచ్చు. నీటికాసుల వల్ల పోయిన చూపు తిరిగి రాదు. పెళ్ళికూతురు కళ్ళు అందంగా కనిపించాలని మొదలుపెట్టిన పని ఆ కళ్ళకే ఎసరు పెట్టడమంటే ఇదే. చర్మానికి పూసే స్టిరాయిడ్ మందులను వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. అది ఎంతమేరకు అమలవుతున్నదో మీ వీధి చివరి షాపులో అడిగి చూస్తే తెలుస్తుంది. ఏ పేరూ లేని డబ్బాల్లో అమ్మే తెల్లబరిచే క్రీముల్లో పాదరసం ఉండే ప్రమాదం వేరే ఉంది. అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

నల్ల మెహందీ గురించి కూడా ఇక్కడే. గోరింటాకు సహజంగా ఎర్రగానే పండుతుంది. నల్లగా పండిందంటే అందులో తలకు వేసే రంగు కలిసినట్టే. అందులోని పీపీడీ అనే రసాయనం పడనివారికి తలకు వేసుకున్నా, గడ్డానికి వేసుకున్నా వాపు మాత్రం ముందుగా కళ్ళ చుట్టూనే వస్తుంది. ఆ వాపు తగ్గాక నలుపు మిగులుతుంది. గడ్డానికి నల్లరంగు వేసే విషయంలో ఉలమాల అభ్యంతరం ఎలాగూ ఉన్నదే.

మరి ఏం పూయాలి? కీరా ముక్కలు, ఫ్రిజ్‌లో ఉంచిన చెంచా, చల్లార్చిన టీ సంచి వాపును కాసేపు తగ్గిస్తాయి. అంతకుమించి ఆశించకండి. రాత్రి రెండు చుక్కలు బాదం నూనె అద్దుకుంటే పొడిబారిన చర్మం మెత్తబడుతుంది. నిమ్మరసం, వంటసోడా, టూత్‌పేస్టు ఆ దరిదాపులకు రానివ్వొద్దు. చర్మపు రంగు వల్ల వచ్చిన నలుపుకు ఎండ పెద్ద శత్రువు. నఖాబ్ వేసుకునే సోదరీమణులకు కళ్ళ చుట్టూ భాగమే ఎండకు తెరిచి ఉంటుంది. వారికి చలువ కళ్ళద్దాలు ఎంతో ఉపయోగం. లేజర్, రసాయనాలతో చర్మం పొర తీయడం, గాడిని ఇంజెక్షనుతో నింపడం వంటివి చర్మవైద్యులు మాత్రమే చేయవలసినవి. కంటి దగ్గర వేసే ఇంజెక్షను తప్పుగా రక్తనాళంలోకి వెళ్తే చూపే పోవచ్చు. అటువంటి పని బ్యూటీ పార్లరులో చేయించుకోవడం ఎంత తెగింపో ఆలోచించండి.

పగటి నిద్ర

ఇక రాయదుర్గం పిల్లల దగ్గరికి మళ్ళీ వద్దాం. నిద్రలేమి ఒక్కటే నలుపు తెస్తుందని చెప్పలేం గానీ, ఉన్న నలుపును పెంచుతుంది, కళ్ళను ఉబ్బిస్తుంది. అంతకంటే ముఖ్యం, ఏళ్ళ తరబడి అరకొర నిద్ర రక్తపోటునూ మధుమేహాన్నీ పిలిచి పీట వేస్తుంది.

రూమ్ సూరాలోనే, ఇందాక చెప్పిన ఆయతు వెంటనే వచ్చే 23వ ఆయతు రాత్రీ పగలూ మనుషులు నిద్రపోవడాన్ని, ఉపాధి వెతుక్కోవడాన్ని కలిపి అల్లాహ్ సూచనగా చెబుతున్నది. పగటి నిద్ర సోమరితనం కాదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? నిరంతరం ఉపవాసాలుంటూ రాత్రంతా నమాజు చేసే అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) గారికి శరీరానికీ, కంటికీ, భార్యకూ కూడా హక్కులున్నాయని ప్రవక్త (స) గుర్తుచేసినట్టు బుఖారీ హదీసు. ఆరాధన కోసమే కంటి హక్కు కాజేయవద్దంటే, జీతం కోసం కాజేయవచ్చా?

తెల్లవారుజామున నాలుగున్నరకు గదికి చేరిన అబ్బాయి ఏం చేస్తాడు? ఫజ్ర్‌కు ఇంకా సమయముందని ఫోను తీస్తాడు. నమాజు అయ్యాక ఆకలేసి టిఫిను, దానితో చాయ్. పడుకునేసరికి ఎనిమిది. పన్నెండు కాకముందే హాస్టలులో గిన్నెల చప్పుడు, ఊరి నుంచి ఫోను. నాలుగు గంటల నిద్ర. దీన్ని మార్చవచ్చు. ఆఖరి చాయ్ అర్ధరాత్రికి ముందే ముగించాలి. గదికి రాగానే కొద్దిగా తిని, ఫజ్ర్ చేసుకొని, ఆరు లోపల పడకెక్కాలి. కిటికీకి మందమైన నల్ల గుడ్డ, ఫోను పక్క గదిలో. పన్నెండున్నరకు లేస్తే ఆరున్నర గంటల నిద్ర, శుక్రవారమైనా గుసుల్ చేసి జుమాకు అందుకోవచ్చు. సాయంత్రం డ్యూటీకి ముందు అరగంట కునుకు తీస్తే ఏడు గంటలు నిండుతాయి. రంజాన్‌లో సహరీ, తరావీహ్‌లతో ఈ లెక్క తప్పుతుంది. ఆ నెలకు పగటి డ్యూటీ అడిగి చూడటంలో తప్పు లేదు.

ఇంట్లోవారి సహకారం లేకుండా ఇది సాగదు. పగలు పడుకున్న కొడుకును చుట్టాలొచ్చారని లేపడం, కోడలు రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకుంటే వంట ఎవరు చేస్తారని గొణగడం మన ఇళ్ళల్లో చూస్తున్నదే. ఆ కోడలి కళ్ళ కింద నలుపు గురించి వాపోయేది కూడా ఆ అత్తగారే.

ఎప్పుడు వైద్యుడి దగ్గరకు?

ఒక కంటి కిందే నలుపో వాపో వచ్చినా, హఠాత్తుగా వచ్చినా, చూపు మసకబారినా ఆలస్యం చేయకూడదు. పొద్దున్నే రెండు కళ్ళూ ఉబ్బి కాళ్ళకు కూడా నీరు పడితే మూత్రపిండాల పరీక్ష అవసరం. బరువు అకారణంగా పెరుగుతున్నా, తగ్గుతున్నా థైరాయిడ్ చూపించుకోవాలి. మెడ వెనుక, చంకల్లో కూడా నల్లగా, మందంగా అయితే మధుమేహం పరీక్ష చేయించుకోవాలి. నీటికాసులకు వాడే కొన్ని చుక్కల మందులు కూడా కళ్ళ చుట్టూ నలుపు తెస్తాయి. అలాగని చుక్కలు మానేయకండి, వైద్యుడితో చెప్పండి.

కంటికి మెహదీపట్నంలోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. చర్మానికి ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో విభాగాలున్నాయి. యునానీ మీద నమ్మకమున్నవారికి బొల్లి చికిత్సకు పేరుపడిన ఎర్రగడ్డలోని కేంద్ర ప్రభుత్వ యునానీ చర్మవ్యాధుల పరిశోధనా సంస్థ ఉంది. ఎక్కడికి వెళ్ళినా ఇంట్లో వాడుతున్న సుర్మా సీసా, క్రీము ట్యూబు, తలరంగు డబ్బా మూడూ సంచిలో వేసుకొని వెళ్ళండి. స్టిరాయిడ్ ట్యూబు చాలాకాలంగా వాడుతున్నవారు ఒక్కసారిగా ఆపకుండా ఎలా తగ్గించాలో అక్కడే అడగండి. సుర్మా పెట్టిన పిల్లలుంటే వారి రక్తంలో సీసం పరీక్ష అవసరమా అని కూడా అడగండి.